చెలక పచ్చగ ఉండాలె

"చెలకలన్నీ పచ్చగ ఉండాలె, బుచ్చన్నా. చూడంగనే మనిషికి ఆశ పుట్టాలె" అన్నాడు వెంకోబరావు.

బల్ల మీద పెట్టిన ఫోటో చాటకంటే వెడల్పుగా ఉంది. బుచ్చన్న చేతికి అంత పెద్ద ఫోటో రావడం అదే మొదలు. పైన ఆకాశం, దూరంగా నల్లమల గుట్టల వరస, ముందంతా కంటి కొస దాకా నేల. అన్నీ బూడిద రంగులోనే ఉన్నాయి.

వెంకోబరావు ఒక మక్తేదారు దగ్గర, అంటే ఊళ్ల భూములను గుత్తకు పట్టిన దొర దగ్గర, గుమాస్తా. మక్తేదారు ఎక్కడో పట్నంలో ఉంటాడు. బల్మూరు పక్కన ఆయనకున్న చెలకలు, ఎర్రమట్టి మెట్ట పొలాలు, కౌలుకు చేసేవాళ్లు లేక పడావు పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటి జోలికి పోవడం లేదు. ఉగాదిలోపల దూరపు వాళ్లనెవరినైనా కుదర్చమని పట్నం నుంచి హుకుం వచ్చింది. రంగులు వేసిన ఫోటో ఒకటి గద్వాల సంత వీధిలో, తమ కచేరీ అరుగు మీద వేలాడదీస్తే నలుగురూ చూస్తారని వెంకోబరావుకు తోచింది.

"పచ్చగనా?" అన్నాడు బుచ్చన్న.

"పచ్చగనే. ఏంది, చెవుడొచ్చిందా? దేవుడు ఇయ్యకపోతె నువ్వియ్యి. కుంచె ఉన్నది గద నీ చేతుల!"

పక్కన నిలబడ్డ ఫోటోల కృష్ణయ్య పెద్దగా నవ్వాడు. బుచ్చన్న ఫోటోను పాత చీరముక్కలో చుట్టుకుని బయటికి వచ్చాడు. దారంతా ఆ ఒక్క మాటే అతని నోట్లో తిరుగుతూ ఉంది. పచ్చ.

బుచ్చన్న పుట్టింది నూలుకూ పట్టుకూ రంగులు వేసే ఇంట్లో. ఆ ఇంట్లో పచ్చ అంటే పసుపు రంగే. ఆకు రంగు కావాలంటే ఆకుపచ్చ అనో చిలకపచ్చ అనో విడిగా చెప్పాలి. చీరకు అంచు కోరేవాళ్లు ఎవరైనా వట్టి పచ్చ అంటే తండ్రి మరో ప్రశ్న వేయకుండా పసుపులో ముంచేవాడు. కాని అదే మనిషి చేనును చూసి పచ్చగ ఉన్నది అంటే, దానికి ఆకు రంగనే అర్థం. మాట ఒకటే. చీర అయితే ఒక రంగు, చేను అయితే మరొక రంగు. చిన్నప్పుడు బుచ్చన్నకు ఇది వింతగా ఉండేది. పెద్దయ్యాక ఈ సందులో దాక్కోవచ్చునని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజే తట్టింది.

రంగుల బానల పొగ ఛాతీకి పట్టి దగ్గు ఎక్కువయ్యాక బుచ్చన్న ఆ పని మానుకున్నాడు. రంగు తెలిసిన చెయ్యి వృథా పోతుందని కృష్ణయ్య పిలిచి తన ఫోటోలకు రంగులు వేయించడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు తలపాగా, ఇల్లాలి చీర అంచు, పిల్లల బుగ్గలు. నీళ్లలో పలచగా కలిపిన రంగును దూదితో అద్ది, ఆరాక సన్నని కుంచెతో సరిదిద్దాలి. ఒక్క చుక్క ఎక్కువ పడినా కాగితం తాగేస్తుంది, ఇక తిరిగి ఇవ్వదు. బుచ్చన్నకు ఆ పని నచ్చింది. మాట్లాడాల్సిన పని లేదు. చిన్నప్పటి నుంచీ అతనికి మాటలు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయేవి. కాగితం మీద రంగు పెట్టినప్పుడు మాత్రం తాను ఏదో చెప్పేశానన్న తృప్తి కలిగేది.

ఈ ఫోటో తీసిననాడు అతనూ అక్కడే ఉన్నాడు. నేల రంగు, గుట్టల రంగు కళ్లారా చూసి గుర్తుపెట్టుకోవాలని కృష్ణయ్య వెంట తీసుకుపోయాడు. కృష్ణానది దాటి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలు చేరి, అక్కడి నుంచి బండి కట్టించుకుని పోయారు. ఇంట్లో మాత్రం వనపర్తిలో పెళ్లి ఫోటోలకు పోతున్నానని చెప్పాడు. ఎందుకట్లా చెప్పాడో అతనికే తెలియదు. వివరంగా చెప్పడం కష్టం, వనపర్తి అనడం తేలిక.

ఆ చెలకలలో పంట లేదు. విత్తనం పడి ఎన్నేళ్లయిందో. మోకాలెత్తు గడ్డి పెరిగి, నిలువునా ఎండి, గాలికి ఒకే దిక్కుకు దువ్వినట్టు వంగి ఉంది. ఒక బావి కనపడింది. తొంగి చూస్తే అడుగున రాళ్లు పగిలి ఉన్నాయి. మేకలు కాసే ముసలాయన ఒకడు కర్ర మీద గడ్డం ఆనించి వీళ్లను చాలాసేపు చూశాడు.

"ఫోటో దీనికెందుకు బిడ్డా? పీనుగకు తీసినట్టు?"

"కౌలుకిస్తరంట తాతా" అన్నాడు కృష్ణయ్య, కెమెరా నల్లబట్ట కింద నుంచి.

"ఎవనికి? నీళ్లు తాగని మనిషి దొరికిండా?"

కృష్ణయ్య కెమెరాకు ఎరుపూ పసుపూ తెలియవు. రెండూ నల్లగానే పడతాయి. నీలం మాత్రం తెల్లగా పోతుంది. అందుకే ఫోటోలో ఆ ఎండుగడ్డి నిండుచేనులాగే ఉంది. ఎండిందో పండిందో ఆ బూడిద రంగు చెప్పలేదు. అది చెప్పాల్సింది బుచ్చన్న.

ఇంటికి వచ్చేసరికి ముందు అర్రలో చెల్లెలి మగడు నాగన్న, మగ్గం గుంత అంచున కాళ్లు వేలాడేసుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి నూలు దొరకడం కష్టమైంది. ఆ ఏడాదైతే పూర్తిగా కరువైంది. అన్నదమ్ములతో వేరుపడ్డాక నాగన్న తన మగ్గం సామాను ఎత్తుకుని, పెళ్లాం సత్యమ్మతో ఈ ఇంటికి వచ్చి చేరాడు. మగ్గం ఆడినన్నాళ్లు ఎవరికీ ఏమీ అనిపించలేదు. అది ఆగాక ఇల్లు ఇరుకైంది. బుచ్చన్న భార్య తిమ్మమ్మ నోరు తెరిచి ఆడబిడ్డను ఏమీ అనేది కాదు. గిన్నెలతో అనేది.

"ఒక్క పొయ్యి మీద రెండు సంసారాలు ఎన్నొద్దులు ఉడుకుతయయ్యా?" అని ఒకసారి మాత్రం మగనితో అంది. బుచ్చన్న రంగు గిన్నెలు తీసుకుని వెనక అర్రలోకి పోయాడు. కాని ఆ ప్రశ్న అతనిలో దిగిపోయింది. ముందు అర్రలో వెలుతురు బాగుంటుంది. వెనక అర్రలో, వంటపొగలో కూర్చుని రంగులు కలుపుతుంటే తెలుపు కూడా మురికిగా కనిపించేది. ఆ వెలుతురు తనదైతే బాగుండునని అతను ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండా జాగ్రత్త పడ్డాడు.

ముందు ఆకాశం వేశాడు. తరవాత గుట్టలు. నేల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

ఆకుపచ్చ వేస్తే అది అబద్ధం, సందేహమే లేదు. లేని పైరును తానే నాటినట్టు అవుతుంది. వేయకపోతే వెంకోబరావు ఇక పని ఇవ్వడు, కృష్ణయ్యకూ కోపం వస్తుంది. రంగు గిన్నె ముందు కూర్చుని ఆలోచిస్తుంటే ఆ మాట మళ్లీ నోట్లోకి వచ్చింది. పచ్చ. వెంకోబరావు అన్నది పచ్చ. పచ్చే వేస్తే? తండ్రి వేసిన పచ్చ. ఎండుగడ్డి రంగూ అదే. మాట మీరినట్టు కాదు, నిజం దాచినట్టూ కాదు. చూసేవాళ్లకు ఎండిన నేల ఎండినట్టే కనపడుతుంది. అడిగితే, మీరు పచ్చ అన్నరు గద, అనవచ్చు.

ఆ ఆలోచన రాగానే అతని ఒళ్లు తేలికైంది. ఎన్నాళ్లుగానో లేనంత చురుకుగా చెయ్యి సాగింది. పలచని పసుపు ఒక పూత, ఆరాక మరొక పూత, గడ్డి వంగిన చోట కొంచెం ముదురు. సాయంత్రం ఎండలో ఆ గడ్డి ఎట్లా మెరిసిందో అట్లాగే వచ్చింది. ఫోటోను దూరంగా పెట్టి చూసుకుని, బుచ్చన్న చిన్నపిల్లవాడిలా సంతోషపడ్డాడు. తాను ఒక ధైర్యమైన పని చేశానని నమ్మాడు.

కచేరీ అరుగు మీద చీరముక్క విప్పినప్పుడు వెంకోబరావు ఫోటోను ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా పెట్టి చూశాడు. బుచ్చన్న తాను అనుకున్న జవాబును గొంతులో సిద్ధంగా పట్టుకున్నాడు.

"వారీ బుచ్చన్నా!" అన్నాడు వెంకోబరావు చివరికి. "నేను పైరు ఎయ్యమంటి. నువ్వు పంటనే పండిచ్చినవు గదరా!"

బుచ్చన్నకు వెంటనే అర్థం కాలేదు. వంగి ఫోటోను మళ్లీ చూశాడు. ఆయన కళ్లతో చూశాడు. బంగారం లాంటి పసుపు, గాలికి బరువుగా వంగినట్టు, గుట్టల దాకా. కోతకు వచ్చిన జొన్నచేను. ఆకుపచ్చ ఆశ మాత్రమే పెట్టి ఊరుకునేది. ఇది గాదెలు నింపి చూపిస్తోంది.

గొంతులో పట్టుకున్న జవాబు లోపలికే దిగిపోయింది.

ఫోటోకు అద్దం బిగించి అరుగు మీద వేలాడదీశారు. సంతరోజున జనం మూగారు. మానవపాడు దిక్కు నుంచి వచ్చిన రైతులు ఒకరిద్దరు దగ్గరికి వంగి, "కంకి కనపడదేందిరా?" అని నవ్వుకుని పోయారు. నేల సంగతి తెలిసినవాళ్లు పోయారు. తెలియనివాళ్లు నిలబడ్డారు. మగ్గాలు ఆగి చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు, జరీ మెరుపు చూడడానికి అలవాటుపడ్డ కళ్లవాళ్లు, రంగు బాగుంటే వస్తువు బాగున్నట్టేనని తరతరాలుగా ఎరిగినవాళ్లు. వాళ్లలో అందరికంటే ముందు నాగన్న నిలబడి ఉన్నాడు. బుచ్చన్న వీధి ఇవతలి నుంచి అతని వీపు చూశాడు. పిలవలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ పక్కపక్కన తినడానికి కూర్చున్నప్పుడు నాగన్నే ఎత్తుకున్నాడు.

"బావా, నీ చెయ్యి బంగారం. వెంకోబరావు పంతులుకు చెప్పిన, గీ ఫోటో మా బావ ఏసిండు, మా బావ అబద్ధం ఎయ్యడు అని."

బుచ్చన్న చెంబు అందుకుని నీళ్లు తాగాడు.

"కౌలుకు మాట్లాడిన. ఉగాదికి పోతం. నూలు వచ్చేదాక గిట్ల గుంతల కాళ్లు ఏసుకొని కూసుంటె నాకే సిగ్గయితుంది. మగ్గం నేసినోనికి దున్నుడు రాదా ఏంది? నేర్చుకుంట."

చెప్పాలి, అనుకున్నాడు బుచ్చన్న. ఇప్పుడే. నోరు తెరిచి తల ఎత్తాడు. ఎదురుగా తిమ్మమ్మ గంటె చేతిలో పట్టుకుని ఆగిపోయి ఉంది. ఆమె ముఖంలో ఏడాదిగా కనపడని వెలుగు ఒకటి వచ్చి, తనను ఎవరైనా చూస్తున్నారేమోనని దాక్కోబోతోంది. ఆ వెలుగును బుచ్చన్న గుర్తుపట్టాడు. తనలో ఉన్నదే అది.

"బల్మూరంటె దూరం గద బావా" అన్నాడు.

"దూరమైతేంది? నూలు దగ్గర్ల ఉన్నదా?" నాగన్న నవ్వాడు. సత్యమ్మ కూడా నవ్వింది. తిమ్మమ్మ ఆడబిడ్డ గిన్నెలో మరో గంటెడు పప్పు వేసింది.

ఆ తరవాతి రోజుల్లో బుచ్చన్న తనతో తాను చాలా వాదించాడు. నేను వేసింది నిజమే గదా. వాళ్లు తప్పు చూస్తే నా తప్పా? ఒకసారి పోయి చూసి రమ్మంటే సరిపోతుంది. కాని పోయి చూసి రమ్మని కూడా అతను అనలేదు. అంటే నిజంగానే పోయి చూస్తారు. ఆ భయం ఎక్కడిదని తనను తాను అడుగుదామనుకున్నాడు. మనసు ఆ వైపు తలుపు దగ్గరికి పోయి, తట్టకుండానే తిరిగి వచ్చేది.

మగ్గం సామాను అమ్మేసిన రోజున ఇక ఆగలేక పెరట్లోకి పోయాడు. సత్యమ్మ రాట్నాన్ని గుడ్డలో చుడుతూ ఉంది.

"సత్తెమ్మా" అన్నాడు, చెప్పులు చూసుకుంటూ. "ఆ ఫోటోల ఉన్నది గడ్డి."

"ఏందన్నా?"

"గడ్డి. పంట గాదు."

"మరి పచ్చగ ఏసినవేంది?"

"పంతులు పచ్చగ అన్నడు."

సత్యమ్మ ముడి వేయడం ఆపి అన్న ముఖంలోకి చూసింది. ఆ ఒక్క క్షణం ఆమె నమ్మబోయింది. అది బుచ్చన్నకు స్పష్టంగా కనపడింది. ఇంకొక్క మాట చాలు. నేను పోయి చూసిన, బావిల నీళ్లు లెవ్వు. అంతే. ఆ మాట గొంతు దాకా వచ్చింది, రోజూ కూర్చునే చోట కూర్చుంది.

ఆమె కళ్లు తడిశాయి. "మేం పోతుంటె నీకు పానం ఒప్పుతలేదు. గందుకే గిట్ల అడ్డం చెప్తున్నవు. నాకు తెల్వదా అన్నా? చిన్నప్పటి సంది గంతేనాయె నువ్వు."

బుచ్చన్న కాదనలేదు. తన గురించి ఇంత ప్రేమగా ఎవరైనా పొరపాటు పడి చాలా కాలమైంది. ఆ పొరపాటు వెచ్చగా ఉంది. తల ఊపి ఇంట్లోకి వచ్చాడు.

ఉగాది ముందర వాళ్ల బండి కదిలింది. మూడో నాడు మగ్గం గుంతలో మట్టి పోసి, అలికించి, బుచ్చన్న తన బల్లను ముందు అర్రలో వేసుకున్నాడు. వెలుతురు అతను అనుకున్నట్టే ఉంది. తెలుపు తెల్లగా కనపడింది. కృష్ణయ్య అదే చెలకల ఫోటో మరొకటి తెచ్చి, అయిజ సంతకు కావాలంట, ఆ రంగే ఎయ్యాలంట అన్నాడు. బుచ్చన్న వేశాడు. ఈసారి చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆగలేదన్న సంగతి పని పూర్తయ్యాక గమనించాడు.

ఆ ఏడు మిరుగు, తొలకరి కార్తె, చినుకు లేకుండా పోయింది. తరవాత ఒక వాన పడి, విత్తనాలు మొలిపించి, మళ్లీ రాలేదు. బల్మూరు దిక్కు నుంచి వచ్చినవాళ్లను బుచ్చన్న ఏమీ అడగలేదు. అడగకపోయినా వచ్చింది ఒక కబురు. నాగన్నకు దెబ్బ తగిలిందని.

దసరా పోయాక బయలుదేరాడు. నాగర్‌కర్నూలులో బండి కుదుర్చుకుని, ఎడ్లు చెలకల్లోకి తిరిగేసరికి పొద్దు కొంచెం వాలింది. నేల అంతా తాను వేసిన రంగులోనే ఉంది. ఈసారి అది గడ్డి కాదు, మోకాలెత్తున ఎండిన జొన్న. కంకి వేయకుండానే ఎండిపోయిన జొన్న.

గుడిసెలో నాగన్న గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఉన్నాడు. కుడి పాదం వెదురుబద్దల కట్టులో, పక్కకు తిరిగిపోయి ఉంది. నీళ్ల కోసం బావి లోతు చేద్దామని దిగితే గోడ విరిగి రాయి మీద పడిందట. దవాఖానకు తీసుకుపోయేసరికి ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలైందని చెప్పారట. చిన్ననాటి నుంచి మగ్గం కింద కట్టెలు తొక్కిన పాదం అది. ఇక తొక్కదు. రేపు గద్వాల నిండా నూలు వచ్చి పడినా తొక్కదు.

"రా బావా" అన్నాడు నాగన్న. "కూసో. మా పంట చూసినవా?" ఎగతాళిగానే మొదలుపెట్టాడు. ముఖం గోడకు తిప్పుకున్నాడు.

సత్యమ్మ బయటికి వచ్చి, గుడిసె నీడలో అన్న పక్కన కూర్చుంది. చిక్కిపోయింది. చెయ్యి పుల్లలా ఉంది. అన్న తెచ్చిన బియ్యం మూట వైపు చూడలేదు. ఎండిన చేను వైపే చూస్తూ, కోపం లేని గొంతుతో అడిగింది.

"అన్నా, ఒక్క మాట. నీకు ముందే తెల్సా?"

బుచ్చన్న ఈ ప్రశ్నకు దారి పొడుగునా జవాబులు తయారు చేసుకుంటూ వచ్చాడు. వాటినన్నిటినీ వదిలేశాడు.

"తెల్సు" అన్నాడు. "ఫోటో తీసిననాడు నేను ఈడ్నే ఉన్న. బావి గూడ చూసిన."

"చెప్పకపోతివి."

"చెప్పిన గద సత్తెమ్మా. పెరట్ల. గడ్డి అని చెప్పిన."

ఆమె ఆలోచించింది. న్యాయంగా ఆలోచించింది, అన్నకు రావాల్సింది అన్నకు ఇవ్వాలన్నట్టు.

"చెప్పినవు" అంది చివరికి. "చెప్పినవు గని, మేం ఇనాలని చెప్పలే."

గాలికి ఎండు జొన్న గలగలమంది. బుచ్చన్నకు తన లోపల ఎప్పుడూ తట్టని తలుపు ఎవరో తెరిచి, మళ్లీ మెల్లగా దగ్గరికి వేసినట్టు అనిపించింది. లోపల ఉన్నదేమిటో చెల్లెలు చూసింది. అరవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇంటికి పోదాం రాండ్రి" అన్నాడు. "బండి ఉన్నది. ఇద్దరు రాండ్రి."

అన్న తరవాత తన గొంతు తనకే వినపడింది. మెత్తగా, కళ్లు చెప్పుల మీద పెట్టుకుని, మాటకూ మాటకూ మధ్య ఎదుటివాళ్లు వద్దనడానికి చోటు వదిలి. పెరట్లో గడ్డి అని చెప్పిన గొంతే. ముందు అర్రలో తన బల్ల, అలికిన నేల, కిటికీలోంచి పడే వెలుతురు, అన్నీ ఆ మాట పలుకుతున్నంతసేపూ అతని కళ్ల ముందే ఉన్నాయి.

సత్యమ్మ కూడా విన్నది. అన్న వైపు తిరిగి, జాలిగా, చిన్నగా నవ్వింది.

"సూద్దాంలే అన్నా."

లోపలి నుంచి నాగన్న నీళ్లడిగాడు. ఆమె లేచి పోయింది. కుండలో చెంబు అడుగుకు తగిలి గీసుకున్న చప్పుడు వినపడింది.

ఇంకోసారి అనాలి, అనుకున్నాడు బుచ్చన్న. గట్టిగా. లోపలికి పోయి, చెయ్యి పట్టుకుని, వాళ్లు వినేటట్టు. లేచి నిలబడ్డాడు. పొద్దు గూకకముందే ఊరు చేరాలని బండివాడు ఎడ్లను కాడికి కడుతున్నాడు. బుచ్చన్న గుడిసె వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూశాడు.  తరవాత బియ్యం మూటను గుడిసె గుమ్మం దగ్గర, చప్పుడు కాకుండా పెట్టాడు.